తాతగారి వాచీకి కొత్త డయల్ వేయించొచ్చా?

ప్రశ్న: మా తాతగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేటప్పుడు కొనుక్కున్న హెచ్.ఎం.టి. జనతా వాచీ పదేళ్లుగా మా బీరువాలో ఉంది. కీ ఇస్తే కాసేపు తిరిగి ఆగిపోతోంది. డయల్ పసుపెక్కింది, ఆరు అంకె దగ్గర మచ్చ పడింది. డయల్ మార్చి, బ్యాటరీ మిషన్ పెట్టేస్తే కొత్తదానిలా ఉంటుందని షాపులో అన్నారు. పెళ్లికి మా తమ్ముడికి ఇవ్వాలని నా కోరిక. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: బ్యాటరీ మిషన్ మాత్రం వద్దమ్మా. అది పెట్టాక మీ తమ్ముడి చేతికి వెళ్లేది ఉత్త డబ్బా.

కాసేపైనా తిరుగుతోందంటే మంచి కబురే. బహుశా లోపలి నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది. మిషన్ మొత్తం విప్పి, కడిగి, వాచీ నూనె వేస్తే చాలా వాచీలు లేస్తాయి. ఈలోగా ఇంట్లో ఎవరూ కొబ్బరినూనె చుక్క వేయకుండా చూడండి! ఈ తరహా మిషనే హెచ్.ఎం.టి. వాళ్ల పైలట్ మోడల్ వాచీల్లోనూ వాడారు. కంపెనీ మూతకు 2016లోనే కేంద్రం ఒప్పుకున్నా, పాత వాచీల నుంచి విడిభాగాలు దొరుకుతాయి. గంటస్తంభం చుట్టుపక్కల కీ వాచీలు విప్పే పెద్దవాళ్లెవరైనా ఉన్నారేమో వాకబు చేయండి. ఏవి మారుస్తారో ముందే అడిగి, తీసేసిన పాతవి వెనక్కి తీసుకోండి.

డయల్ జోలికి పోవద్దు. మా నాన్న వాచీకి నేనే సరదాపడి కొత్తగా రంగు, అక్షరాలు వేయించాను. అక్షరాలు లావుగా, వంకరగా వచ్చాయి. ఇప్పుడది పెట్టుకుంటే ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు ఉంటుంది. గ్లాసు ప్లాస్టిక్‌దే కాబట్టి గీతలు పాలిష్‌తో పోతాయి, లేదా మార్పించండి, తప్పులేదు.

రోజూ ఒకే వేళకు కీ ఇవ్వాలి, బిగిసినట్టు తగలగానే ఆపేయాలి. రోజుకు అర నిమిషం తేడా వస్తే రిపేరు చేసినాయనతో గొడవ పెట్టుకోకండి. వానలో, స్నానానికి తీసేయమని తమ్ముడికి చెప్పండి.

అన్నట్టు, వెనక మూత తీసేటప్పుడు పక్కనే ఉండి దాని లోపలివైపు చూడండి. పాతకాలం రిపేరువాళ్లు సూదిమొనతో తారీఖు, తమ గుర్తు గీసేవారు. తాతగారు ఏ ఏడాది బాగుచేయించారో తెలియొచ్చు. ఉంటే, దాని కిందే ఈసారి తారీఖు కూడా గీయమనండి.