బురద కింద పరిచిన రాళ్లు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి వాళ్లు కెనడాలో వాంకూవర్ దగ్గర ఉంటారు. పూర్వం అక్కడి ఆదివాసులకి సాల్మన్ చేపలు, వేట తప్ప సాగు తెలీదని మా మనవడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చేపల మాట నిజమేనమ్మా. సాగు తెలీదంటే మాత్రం నేనొప్పుకోను. వాంకూవర్‌కి తూర్పున, ఫ్రేజర్ నది పక్కన పిట్ మెడోస్ అని ఊరుంది. అక్కడ కేట్జీ తెగవారి పూర్వీకుల నేలలో రోడ్డు పనికి ముందు తవ్వకాలు జరిపితే ఓ తోట బయటపడింది. వయసు సుమారు 3,800 ఏళ్లు. ఆ వివరాలు 2016లో అచ్చయ్యాయి.

ఆ తోటలో పంట వపటో. బాణం మొనలాంటి ఆకులతో చిత్తడి నేలల్లో పెరిగే మొక్క, బురదలో దుంప ఊరుతుంది. ఆ తవ్వకంలో దొరికినవి, ముక్కలతో కలిపి, 3,767 దుంపలు! నల్లగా మారిపోయాయి గానీ, కొన్నిటి లోపల పిండి ఇంకా ఉంది. నీరు నిండిన మట్టిలోకి గాలి చొరబడదు, అందుకే కుళ్లలేదు.

అడవిలో వాటంతటవే మొలిచిన దుంపలు కావని నమ్మకమేమిటి అంటారేమో. నాకు దుంపలకన్నా వాటి కింద ఉన్నదే ముఖ్యం. ఇంచుమించు ఒకే సైజు రాళ్లు ఏరి, సందు లేకుండా, ఒక వరస, కొన్నిచోట్ల రెండు వరసలు పరిచారు. మొత్తం 42 చదరపు మీటర్లు, మన లెక్కలో 50 గజాలు. ఏ వరదా రాళ్లనంత పొందిగ్గా పేర్చదు. తామరదుంప కోసం చెరువులో దిగినవాళ్లకి తెలుసు, లోతుకి పోయిన దుంపని లాగడం ఎంత కష్టమో. రాతిపరుపు ఉంటే దుంప అంతకన్నా కిందికి పోదు, పైపైనే చేతికొస్తుంది. తవ్వుకోల మొనలు కూడా 150 దాకా దొరికాయి, నిప్పులో కాల్చి గట్టిపరిచినవి. నాగలి లేదు, ఎద్దు లేదు. అయినా నేలని పంటకి సిద్ధం చేశాక అది సాగు కాక మరేమిటి?

ఇంకా ఉత్తరాన, కిట్సెలాస్ లోయలో పాత ఊళ్ల చుట్టూ అడవి ఆపిల్, హేజెల్ కాయల చెట్లు గుంపులుగా ఉన్నాయి. జనం వెళ్లిపోయి 150 ఏళ్లు దాటినా, చుట్టూ ఉన్న దేవదారు జాతి అడవి వాటిని పూర్తిగా మింగలేకపోయింది. ఊరివాళ్లు పెంచిన ఆ తోటల మీద 2021లో ఒక పరిశోధన వచ్చింది.

రుచి సంగతి మీరు అడగలేదు గానీ చెబుతా: వపటో పచ్చిగా తింటే చేదు, కాలిస్తే దాదాపు మన బంగాళాదుంపే.