కొత్త వైరింగ్ అయినంక లైట్లు సతాయిస్తె ఏడ ఎతకాలె

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్ చేసి, పెద్దబాపూ మట్టెవాడల ఆ పాత ఇంటికి వైరింగ్ అంత కొత్తగ లాగినం కని మూడు కాడ లైట్లు సతాయిస్తున్నయ్, బుగ్గలు మార్చిన, హోల్డర్లు మార్చిన, స్విచ్చులు గూడ మార్చిన, ఇంటోళ్లు గుర్రుమంటున్నరు అన్నవ్ గద, ఫోన్ల అంత చెప్పుడు కాలే, అందుకే రాస్తున్న. ముందుగాల ఆ సామాన్లు మార్చుడు బంజెయ్. కొత్త వైరింగ్ల తప్పు వస్తె అది మన చెయ్యి పడ్డ కాడనే ఉంటది, బోర్డుల ఎనుక, జంక్షన్ బాక్సులల్ల, జాయింట్ల కాడ. అండ్ల గూడ నేను జూసినంత వరకు ఫేస్, అంటె కరెంట్ వచ్చే వైరు, దానికంటె న్యూట్రల్, అంటె కరెంట్ మల్ల తిరిగిపోయే నల్లవైరు, దాని కాడనే ఎక్కువ. ఫేస్ అంటె భయం గనుక దాన్ని సూసుకుంట కలుపుతం, నల్లవైరును మాత్రం దగ్గర ఏది దొరికితె దాంట్ల మెలేసి టేపు చుట్టి మూత పెట్టేస్తం.

బాక్సు ఇప్పే ముందు ఒకటి యాదుంచుకో. వాళ్లింట్ల ఇన్వర్టర్ ఉన్నదన్నవ్. నువ్ మెయిన్ దించంగనె అది కరెంట్ పోయిందనుకుంటది, లైట్ల లైనుకు మల్ల 230 వోల్టులు పంపుతది. అందుకే మెయిన్ దించినంక ఇన్వర్టర్ స్విచ్ బంజేసి, దాని ఔట్‌పుట్ ప్లగ్గు గూడ పీకి, అప్పుడు టెస్టర్ పెట్టు. ఆ టెస్టర్‌ను గూడ అంతకుముందే కరెంట్ ఉన్న సాకెట్ల పెట్టి మంచిగ పనిచేస్తుందో లేదో జూసుకో. ప్రతి బాక్సు ఇప్పంగనె ఫోన్ల ఫోటో తీసుకో, మార్చేది ఒకసారి ఒక్కటే మార్చు, లేకుంటె ఏది చేస్తె బాగైందో నీకే తెల్వదు.

ఇగ హాల్ల లైటు. స్విచ్ బంజేసినా ఎల్‌ఈడీ మసక మసక వెలుగుతుందన్నవ్. స్విచ్‌కు చిన్న ఇండికేటర్ ఉంటె దాంతోని అట్ల అయితది, అదేం ప్రమాదం కాదు. ఇండికేటర్ లేకుంటె మాత్రం స్విచ్ బంజేసి బుగ్గ తీసి హోల్డర్ల టెస్టర్ పెట్టు, వెలిగిందంటె స్విచ్‌ను న్యూట్రల్ మీద పెట్టినట్టు, ఫేస్ సక్కగ హోల్డర్‌కు పోతున్నట్టు. దీన్ని రేపు సూద్దాం అనకు. నేను పనిల కొత్తగ దిగినప్పుడు గిర్మాజీపేటల ఒకరింట్ల స్విచ్ బంజేసి హోల్డర్ ఇప్పిన, ఎవరో గిట్లనే పెట్టిండ్రు, స్టూల్ మీదికెల్లి కింద పడ్డ, చలికాలం వస్తె ఆ భుజం ఇప్పటికీ గుంజుతది.

వంటింటి బోర్డు మీద నాలుగు పాయింట్లు ఒక్కసారె పోయినయ్, సాకెట్ల రెండు రంధ్రాలల్ల టెస్టర్ వెలుగుతుంది, రెండు ఫేసులు వచ్చినయ్ అని పరేషాన్ అయినవ్ సూడు, రెండు ఫేసులు ఏం రాలే బిడ్డా, న్యూట్రల్ తెగింది. ఏదో ఒక స్విచ్ ఏసి ఉంటె ఫేస్ ఆ బుగ్గల నుంచి వచ్చి నల్లవైరుల నిలబడ్డది గంతే. స్విచ్చులన్ని బంజేసి మల్ల పెట్టి జూడు, ఒక్క రంధ్రంలనే వెలుగుతది. డిజిటల్ మీటర్‌ను ఈడ నమ్ముకోకు, ఏడ కలవని వైరు మీద గూడ పక్క వైర్లతోని 60, 80 వోల్టులు సూపెడ్తది. పాత 60 వాట్ల బుగ్గకు రెండు వైర్లు కట్టి టెస్ట్ లాంప్ చేసుకో, అది అబద్ధం చెప్పదు. ఎతికేటప్పుడు మొదటి బాక్సు కాడికెల్లి మొదలువెట్టకు, నడుమ బాక్సు ఇప్పు. అక్కడిదాంక న్యూట్రల్ మంచిగుంటె సగం ఇల్లు ఇడిసిపెట్టినట్టె.

అన్నిట్ల నాకు ఎక్కువ బుగులు పెట్టింది ఆ మెట్ల లైటే. మెట్ల కింద ఒకటి, పైన ఒకటి ఉండే టూవే స్విచ్చుల ఒకటి పైకి ఉంటెనే రెండోది పనిచేస్తుందంటె కామన్ తప్పిండ్రు, ఒక స్విచ్ నడిమి పాయింట్‌కు ఫేస్, రెండోదాని నడిమి పాయింట్‌కు బుగ్గ వైరు, మిగిలిన రెండేసి ఒకదానికొకటి, అయిపాయె. కని లైటు ఏయంగనె కింద ఆర్‌సీసీబీ, అంటె కరెంట్ లీకైతె తనంతట తానె పడే స్విచ్, పడుతుందన్నవ్ గద, అది ఏరే ముచ్చట. పైన కిరాయోళ్లకు మీటర్ ఏరే ఉన్నది, మీ కాడ పనిచేసే పిలగాండ్లు వైరు మిగుల్తదని కింది ఫేస్, పై న్యూట్రల్ కలిపి ఉంటరు. ఆర్‌సీసీబీ సూసేది ఒక్కటే, పోయిన కరెంట్ అంత తన నల్లవైరుల మల్ల వచ్చిందా లేదా అని. 9 వాట్ల బుగ్గ అయినా 40 మిల్లీ ఆంపులు గుంజుతది, మనం పెట్టేది 30 మిల్లీ ఆంపులది, పడకుంట ఎట్లుంటది. ఇంటోళ్లు దాన్ని తీసి పారెయ్, డైరెక్ట్ ఇయ్యి అంటరు, కాళ్లు మొక్కినా ఇయ్యకు. పైన మెయిన్ దించినా ఆ నల్లవైరుల కింది కరెంట్ ఉంటది, రేపు ఎవరన్న దాన్ని ఇప్పితె మనిషే పోతడు. ఫేస్, న్యూట్రల్ రెండు కింది బోర్డు నుంచే కొత్తగ లాగు, వైరు పైసలు మన జేబులకెల్లి పోయినా సరే.

ఎంసీబీలు, అంటె లోడ్ ఎక్కువైతె పడే స్విచ్చులు, అన్ని దించినా ఆర్‌సీసీబీ నిలబడకుంటె న్యూట్రల్ ఏడనో ఎర్త్‌కు తగిలింది, పాత గోడలు వానకు తడుస్తయ్ గనుక బాత్రూం దిక్కు ముందుగాల జూడు. లైట్ల 6 ఆంపుల ఎంసీబీ పడుతుందని 16ది పెట్టకు, 1.5 స్క్వేర్ ఎంఎం వైరు కాల్తది. ఇంట్ల కొన్ని లైట్లు మసకబారి కొన్ని మస్తు ఎలిగితె మాత్రం ఎతుకుడు గితుకుడు ఏం లేదు, మెయిన్ దించి కరెంటోళ్ల 1912కు ఫోన్ చెయ్, అది స్తంభం నుంచి వచ్చే సర్వీస్ న్యూట్రల్ తెగినట్టు.

వైరు ఇన్సులేషన్ మంచిగుందా లేదా జూసే మెగ్గర్ నా కాడున్నది, ఐతారం పొద్దుగాల మీ తమ్మున్ని పంపు, ఇచ్చి పంపుత. 500 వోల్టులు కొట్టే ముందు ఎల్‌ఈడీ బుగ్గలు, ఫ్యాన్ రెగ్యులేటర్లు అన్ని ఊడదీయ్, ఒక్కటి మర్చినా అదే పోతది. మెట్ల లైటు మాత్రం ఐతారం దాంక ఆగకు, ఇయ్యాల్నే పోయి ఆ కింది ఫేస్, పై న్యూట్రల్ ఏరు చేసి, మంచిగైనంక ఫోన్ చెయ్.

మీ పెద్దబాపు