ముందు ఆ గది తలుపు తీయండి

చెన్నై పెరంబూరు నుంచి ఓ సోదరి రాశారు. వయసు 41, బ్యాంకు ఉద్యోగం. తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగారు. కిందటేడు మూడు రోజుల స్వస్థత కూడికలో ఆ చేదంతా ఏడ్చి దించుకున్నారు. అప్పటినుంచి శని, ఆదివారాలు ప్రభుత్వాసుపత్రిలో రోగుల కోసం ప్రార్థన చేస్తున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి పూర్తికాలం పరిచర్యకు వెళ్లాలనుకుంటే భర్త ఒప్పుకోవడం లేదట. ‘భర్త మాట వినాలా, దేవుని పిలుపు వినాలా?’ అన్నది ప్రశ్న. ఉత్తరం చివర ఈ నాలుగు ముక్కలు: ‘కుడిపక్క పక్షవాతం వచ్చి నాన్న ఎనిమిది నెలలుగా మా ఇంట్లోనే ఉన్నాడు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు పట్టించుకోడు. ఆయాకు జీతం ఇస్తున్నాను గానీ ఆయన గదిలోకి మాత్రం వెళ్లను. మాట పడిపోయినా ఒక్క బూతుమాట మిగిలింది. నన్ను చూస్తే అదే అంటాడు.’

అమ్మా,

ఉద్యోగం మానకండి. మీ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. భర్తా, దేవుడా అనే తగువు మీ ఇంట్లో లేదు. ఉన్న తగువల్లా మీకూ మీ నాన్నగారికీ మధ్యే.

ముందు ఆ బూతుమాట సంగతి. కుడిపక్క పడిపోయి మాట పోయిందంటే చాలామటుకు దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి. అలాంటివాళ్లు ఆలోచించి మాట కూర్చుకోలేరు. ఏళ్ల తరబడి నోటికి అలవాటైనవి మాత్రం మిగులుతాయి. తిట్లు, అంకెలు, పాటలు, కంఠస్థం చేసిన ప్రార్థనలు వాటంతటవే బయటికొస్తాయి. ఆయన ‘నీళ్లు’ అనబోయినా ఆ తిట్టే రావచ్చు, ‘అమ్మాయీ’ అనబోయినా అదే రావచ్చు. చిన్నప్పుడు ఆ మాట మిమ్మల్ని ఎంత కోసిందో ఊహించగలను. ఇప్పుడది మిమ్మల్ని ఉద్దేశించి అన్నదే అనుకోవడానికి లేదు. ఆయనకు చిన్నప్పటినుంచి చర్చికి వెళ్లే అలవాటుంటే ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని మీరు నెమ్మదిగా మొదలుపెట్టి చూడండి, కలిసి చెప్పగలరేమో. చెప్పకపోతే ఊరుకోండి, పరీక్ష పెట్టకండి.

కూడికలో మీరు ఏడ్చింది నిజమే, తేలికపడిందీ నిజమే. కానీ మూడు రోజుల్లో జరిగింది గాయం కడగడం. అది మానడానికి నెలలు పడుతుంది. మానకముందే సేవకు పరుగెత్తితే ఎలా ఉంటుందో గుర్తుపట్టవచ్చు. రోగి ప్రార్థన వద్దంటే మనసు చివుక్కుమంటుంది. నొప్పితో మూలిగే మనిషి పక్కన కూర్చుని మన సాక్ష్యమే, అంటే దేవుడు మనకు చేసిన మేలే, పావుగంట చెప్తాం. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తాం. ఇందులో ఏది మీకు తగులుతుందో మీకే తెలుసు. వార్డులో రోగులకు మీ గతం తెలియదు, చేతులు జోడించి దణ్ణం పెడతారు. ఇంట్లో మంచం మీదున్న మనిషి దణ్ణం పెట్టడు. అందుకే ఆసుపత్రి మీకు సులువుగా ఉంది.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో దయ్యాలు వదిలిన మనిషి దోనె ఎక్కబోయే యేసును, నన్నూ నీతో రానివ్వమని బతిమాలతాడు. ప్రభువు రానివ్వలేదు, నీ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లమన్నాడు. మార్కు 7లో తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పుకునేవాళ్లను గట్టిగా మందలించాడు. పరిచర్య పేరుతో తండ్రి గది దాటిపోవడం నాకు ఆ కోవలోదిగానే కనిపిస్తోంది.

అలాగని ఆయన చేసింది మరిచిపొమ్మనడం లేదు. క్షమించడం వేరు, జరగలేదన్నట్టు నటించడం వేరు. ఏ రోజు ఏం చేశాడో, అమ్మ ఏం పోగొట్టుకుందో, మీరేం పోగొట్టుకున్నారో పేరుపెట్టి కాగితం మీద రాయండి. ఆయనకు చూపించొద్దు. పాస్టరమ్మగారికో, కౌన్సెలర్‌కో చదివి వినిపించండి. తాగుబోతుల కుటుంబసభ్యుల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ కూడికలు చెన్నైలోనూ జరుగుతాయి. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట అన్నం మీరు పెట్టండి. స్నానం, డైపర్ ఆయాకే వదిలేయండి, దానికి సిగ్గుపడాల్సింది లేదు. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి దించమనండి. మెత్తగా కలిపిన అన్నం అర చెంచా చొప్పున, నోట్లో ఎడమపక్కకు పెట్టండి. మింగాడని చూశాకే రెండో చెంచా. కుడి బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, చివర్లో చూసి తీసేయాలి. పల్చటి మంచినీళ్లకే ఎక్కువగా పొలమారుతుంది. దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా ఆపేసి డాక్టరుకు చెప్పండి. ఆ మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. అవును, కాదు అని తలూపగలిగే ప్రశ్నలే, ఒక్కొక్కటిగా అడగండి. జవాబుకు సమయం ఇవ్వండి. చెయ్యి వణికితే గిన్నె ఆయాకిచ్చి బయటికి రండి, మరో ఆదివారం మళ్లీ వెళ్లండి.

వార్డు పూర్తిగా మానొద్దు. శనివారం వెళ్లండి, ఆదివారం ఇంటికి ఉంచుకోండి. ఒక్కో మంచం దగ్గర పది నిమిషాలకు మించొద్దు. ముందూ వెనకా చేతులు కడుక్కోండి. ‘ప్రార్థన చేయమంటారా?’ అని అడిగాకే చేయండి. నర్సును అడగకుండా ఏమీ తినిపించొద్దు. పూర్తికాలం అన్న మాట చాలాకాలం ఆగాలి. పక్కనున్న వేలూరులో అమెరికన్ మిషనరీ ఐడా స్కడర్ ముందు వైద్యం చదివి, 1900లో ఒక్క మంచంతో వైద్యశాల మొదలుపెట్టారు. రెండేళ్లకు గానీ నలభై పడకల ఆసుపత్రి రాలేదు.

ఇక తమ్ముడు. ఈ వారమే ఫోన్ చేసి ఆయా జీతంలో సగం, నెలకు ఒక శని, ఆదివారాలు అడగండి. బతిమాలొద్దు, దెప్పొద్దు, లెక్క చెప్పండి. కాదంటే మీవారితో కలిసి హైదరాబాదు వెళ్లి ఎదురుగా కూర్చుని అడగండి.