పిల్లల నాటకాల బృందంలో చేరతానంటున్న అమ్మాయి: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

చీపురుపల్లి నుంచి ఒక స్కూలు మాస్టారు రాశారు. వాళ్లమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్. విజయనగరం మ్యూజిక్ కాలేజీలో డాన్స్ సర్టిఫికెట్ కోర్సు కూడా చేసింది. ఇప్పుడు, పిల్లల కోసం కొత్త తరహా నాటకాలూ డాన్స్ ప్రదర్శనలూ తయారుచేసే ఒక బృందంలో చేరతానంటోంది. "దీనికి భవిష్యత్తు ఉంటుందా? లేకపోతే కన్సల్టెన్సీ వాళ్లు చెప్తున్నట్టు యూకేలో అప్లైడ్ థియేటర్ (బడుల్లో, జనం మధ్య నాటకాన్ని పనికొచ్చేలా వాడటం నేర్పే చదువు) ఎంఏకి పంపమంటారా? రెండూ పోల్చి చెప్పండి. పెళ్లి కావలసిన పిల్ల" అని ముగించారు.

పోలుస్తాను మాస్టారూ. కానీ మీ టెన్షన్ అంతా ఆఖరి మూడు మాటల్లోనే ఉంది. ఈ ఉత్తరం నాకు తరచూ వస్తుంది, డాన్స్ బదులు ఒకరికి ఫోటోగ్రఫీ, ఒకరికి క్రికెట్, ఆఖరి లైను మాత్రం కూతురైతే పెళ్లి, కొడుకైతే సెటిల్ అవడం. కోపం తెచ్చుకోకండి గానీ, పిల్లకి చిన్నప్పుడు గజ్జె కట్టించి, స్టేజీ ఎక్కించి, వీడియో తీసి బంధువుల గ్రూపులన్నిటిలో పెట్టింది మీరే అయ్యుంటారు. అప్పుడు రాని పరువు సమస్య ఆ విద్యతో సంపాదిస్తానంటే ఎందుకు వచ్చింది? ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కాలేజీ ఉన్న ఊళ్లోనే నేర్పించి, ఇప్పుడు "డాన్స్‌తో బతుకుతారా" అంటే ఆ పిల్ల ఏమనుకోవాలి?

మీరు పిల్లల నాటకం అనగానే స్కూల్ యానివర్సరీ ఊహించుకున్నట్టున్నారు. ఇది వేరే పని. అక్కడ పిల్లలు ఆడతారు, పెద్దలు చూస్తారు. ఇక్కడ శిక్షణ పొందిన పెద్దలు ఆడతారు, పిల్లలు చూస్తారు, చాలాసార్లు మధ్యలోకి వచ్చి కథలో చేరతారు కూడా. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి (ఎన్‌ఎస్‌డీ) 1989 నుంచి ప్రత్యేకంగా ఇందుకోసమే ఒక థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్, అంటే చదువులో నాటకాన్ని వాడే, కంపెనీ ఉంది. బెర్లిన్‌లో గ్రిప్స్ అనే సంస్థ రాజులూ రాక్షసులూ లేకుండా పిల్లల నిజమైన ఇబ్బందులనే నాటకం చేస్తుంది, ఆ పద్ధతిని నటుడు మోహన్ అగాషే పుణెకి తెచ్చి మరాఠీలో ఆడించారు. ఇంగ్లండ్‌లో 1981లో మొదలైన ఆయిలీ కార్ట్ వాళ్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం హైడ్రోథెరపీ (నీళ్లలో చేయించే చికిత్స) కొలనులో, పిల్లలు ఎగిరి గంతులేసే ట్రాంపోలిన్ మీద కూడా ప్రదర్శనలు చేశారు. మన దగ్గరికే రండి, సీతంపేట ఏజెన్సీలో సవర పిల్లలకు తెలుగు ఇంటి భాష కాదు. మాటలు తక్కువగా, ఒళ్లు కదిలించి కథ చెప్పగల మనిషి అక్కడి బడిలో ఎంత పనికొస్తుందో మాస్టారుగా మీకు నేను చెప్పాలా?

ఇక డబ్బు. ఇందులో తీపి కబురు లేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక, నృత్య బృందాలకు ఇచ్చే రెపర్టరీ గ్రాంటు లెక్కలో గురువుకి నెలకు 15,000, కళాకారుడికి 10,000 రూపాయలు. ఆ గ్రాంటు కూడా ప్రతి బృందానికీ ఉండదు, ఉన్నా ఒకటో తారీఖున జీతంలా పడదు. మిగతాది స్కూళ్లలో షోలు, వర్క్‌షాపులు, ఎండాకాలం క్యాంపుల మీద రావాలి. పరీక్షల నెలల్లో ఏ స్కూలూ పిలవదు. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు ఇంటి అండ కావాలి, అది మీరు ఇవ్వగలరా లేదా అన్నది అమ్మాయితో దాచకుండా మాట్లాడండి.

ఇప్పుడు యూకే సంగతి, నాకు అసలు అనుమానం ఇక్కడే. ఈ మధ్య అప్లైడ్ థియేటర్, డ్రామా థెరపీ, క్రియేటివ్ మూవ్‌మెంట్ అని బ్రోషర్లు బాగా తిరుగుతున్నాయి. కోర్సులు చెడ్డవని అనను, అక్కడి మాస్టర్లు గొప్పవాళ్లే. కానీ అక్కడి బాలల థియేటర్ కంపెనీల్లో పర్మినెంట్ ఉద్యోగులు గుప్పెడుమంది, నటులనీ డాన్సర్లనీ ఒక్కో ప్రొడక్షన్‌కి కాంట్రాక్టు మీద తీసుకుంటారు. ఆ రకం పనితో వీసా నిలబెట్టుకోవడం ఎంత కష్టమో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు, వాళ్ల కమిషన్ అడ్మిషన్ దగ్గరే అయిపోతుంది. 30 లక్షలు లోన్ తీశారనుకోండి, 11 శాతం వడ్డీకి పదేళ్ల ఈఎంఐ నెలకు 41 వేలు దాటుతుంది. పైన చెప్పిన 10,000 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. అప్పు తీర్చడం కోసం ఆ పిల్ల తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో కూర్చుంటుంది, డాన్సూ పోతుంది, మీ పొలమూ తాకట్టులో ఉంటుంది. పైగా చూడాల్సిన పిల్లలు ఇక్కడుంటే, వాళ్లతో మన యాసలో మాట్లాడటం లండన్‌లో ఎవరు నేర్పుతారు? నాలుగైదేళ్లు పనిచేశాక, పూర్తి స్కాలర్‌షిప్ దొరికితే, అప్పుడు వెళ్లమనండి, నేనే రికమండేషన్ రాస్తాను.

దేశంలో ఉన్న దారులు త్వరగా చెప్తాను. ఎన్‌ఎస్‌డీ అగర్తలా సెంటర్‌లో థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్ ఏడాది కోర్సు, మీ అమ్మాయికి సూటిగా సరిపోయేది అదే. ఢిల్లీ మూడేళ్ల కోర్సుకి డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల అనుభవం అడుగుతారు, అంటే బృందంలో చేరడం దానికీ పనికొస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్, డాన్స్ రెండింటికీ పీజీ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ ఇంటికి దగ్గర. కర్ణాటకలో నీనాసం అనే నాటక శిక్షణ సంస్థ మంచిది గానీ కన్నడ రావాలి. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్రం నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, నోటిఫికేషన్ కనిపెట్టి అప్లై చేయించండి. ఒక ఏడాది బృందంలో పనిచేసి, ఆ తర్వాత బీఈడీ గానీ పీజీ గానీ చేస్తే సీబీఎస్‌ఈ స్కూళ్లు మాట్లాడటానికి పిలిచే అవకాశం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం పాఠాల్లో కళల్ని కలపమంటోంది, కలపడం తెలిసిన టీచర్లు ఎంతమంది ఉన్నారో మీ స్టాఫ్ రూమ్‌లో ఒకసారి లెక్కపెట్టండి. (డ్రాయింగ్ పీరియడ్ లాక్కుని లెక్కలు చెప్పే అలవాటు మీకు లేదనే అనుకుంటున్నాను.)

పెళ్లి గురించి: పాతికేళ్లకి సొంత పని, సొంత మాట ఉన్న పిల్లకి సంబంధాలు తగ్గుతాయని భయపడుతున్నారు. కొన్ని తగ్గుతాయి. ఆ తగ్గేవి మీకు కూడా అక్కర్లేనివే. డాన్స్ నేర్చుకుని, బడుల్లో పిల్లలతో పనిచేసే అమ్మాయిలు ఈ జిల్లాలోనే పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, పని కూడా చేసుకుంటున్నారు. తిరుగుడు ఉంటుంది, నిజమే. అందుకే బృందం వాళ్లని మీరే కలవండి. నిలదీయడానికి వెళ్లొద్దు, ఒక షో చూడటానికి వెళ్లండి. పిల్లలు కుదురుగా చూస్తున్నారా, మైకు హోరుకి బెదురుతున్నారా అన్నది మీకు ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. రిహార్సల్ రోజులకి డబ్బిస్తారా, ఊళ్లకెళ్తే ఆడపిల్లలకి బస ఎక్కడ, రాత్రి షో అయ్యాక ఎవరు దింపుతారు, ఒప్పందం కాగితం మీద ఉంటుందా, ఇవి అమ్మాయినే అడగమనండి. "మనమంతా ఒక ఫ్యామిలీ అమ్మా" అని దాటేస్తే ఆ బృందం వద్దు, ఇంకోటి చూసుకోమనండి.

కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టలేదు కదా? కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే రసీదు వెనక రిఫండ్ రూల్ చదివి ఈ వారంలోనే అడగండి, వీసా ఫైల్ కదిలాక తిరిగి రాబట్టడం కష్టం.