ఓఫాస్ట్ పెట్టవచ్చా?

ప్రశ్న: జెంటూ లినక్స్‌లో ప్యాకేజీలన్నీ సోర్స్ నుంచే బిల్డ్ చేసుకుంటున్నాను. వేగం కోసం జీసీసీకి (సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్) ‘-ఓఫాస్ట్’ ఫ్లాగ్ ఇవ్వమంటున్నాడు మా ఫ్రెండ్. ఇవ్వవచ్చా అండీ?

జవాబు: వద్దండీ, మామూలుగా వాడే ‘-ఓ2’ స్థాయి దగ్గరే ఆగండి. ఓఫాస్ట్ తనతోపాటు, వేగం కోసం దశాంశ లెక్కల నియమాలను సడలించే ‘ఫాస్ట్ మ్యాత్’ను కూడా లాక్కొస్తుంది. లెక్కల్లో ‘నాన్’ అనే చెల్లని విలువ రానే రాదనుకుని, దాన్ని పట్టే ‘ఈజ్‌నాన్’ తనిఖీని కంపైలర్ తీసేయగలదు. సగటు లెక్కగట్టే నా ప్రోగ్రాంలో అదే జరిగింది. ఖాళీ ఫైలు ఇస్తే సున్నాను సున్నాతో భాగించి, రిపోర్టులో సగటు గడిలో ‘నాన్’ అని అచ్చేసింది. రెండు రాత్రులు నా కోడ్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను. ఓ2తో మళ్లీ బిల్డ్ చేశాక కుదుటపడింది.

మీ ప్రాసెసర్‌కు తగ్గట్టు కోడ్ తయారుచేయించే ‘-ఎంఆర్చ్=నేటివ్’ ఫ్లాగ్ మీ ల్యాప్‌టాప్ వరకైతే పెట్టుకోండి. ఆ బైనరీని పాత మెషీన్‌లోకి కాపీ చేస్తే మాత్రం ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోవచ్చు.