ఫైరింజను ఒకవైపు, 108 ఒకవైపు, మధ్యలో మనిషి

ప్రశ్న: చిన్న పట్టణాల్లో అగ్నిమాపక, అంబులెన్స్ సేవలు ఇంకా వేగంగా, కలిసికట్టుగా పనిచేయాలంటే ఏం చేయాలి?

బండ్లు పెంచాలి, ఖాళీలు భర్తీ చేయాలి అని ఎవరిని అడిగినా చెబుతారు. అవీ కావాలి, కాదనను. కానీ నేను చూసినంతలో అసలు లోటు వేరే ఉంది. ఒకే ఊళ్ళో కిలోమీటరు దూరంలో ఉండే ఫైర్ స్టేషన్ వాళ్ళకీ, 108 వాళ్ళకీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. దాన్ని సరిచేస్తే సగం సమస్య పోతుంది. ఇది నేను ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు.

నాది హైవే పక్కన టైర్ల కొట్టు. పంచర్లు, గాలి, జాకీ పని. పంతొమ్మిదేళ్ళ నుంచి ఇదే బతుకుతెరువు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి మా గుమ్మం ముందే పోతుంది. ఊరి పేరు రాయను, ఎవరినీ బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు.

మూడేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన వారం. తెల్లవారుజామున నాలుగున్నర అయి ఉంటుంది. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా ఉన్న టీ బంకు కూడా కనబడటం లేదు. సుబాబుల్ కర్ర వేసుకున్న ట్రాక్టరు ఒకటి రోడ్డు వారన ఆగి ఉంది. ట్రక్కుకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కరూ లేదు. బయటికి పొడుచుకొచ్చిన కర్రకి ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టారు. ఆ మంచులో గుడ్డ పీలిక ఎవరికి కనబడుతుంది? ఇరవై రూపాయల స్టిక్కరు అంటించమని ఎంతమందికి చెప్పానో. కర్ర సీజన్ వస్తే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

వెనకనుంచి వచ్చిన లారీ దాన్ని గుద్దేసింది. ఆ చప్పుడుకి మా షట్టరు అదిరింది. టార్చి పట్టుకుని పరిగెత్తాను. కర్రలు అద్దం పగలగొట్టుకుని క్యాబిన్లోకి దిగాయి. క్లీనరు రోడ్డు మీద పడ్డాడు, చెయ్యి విరిగింది, స్పృహలోనే ఉన్నాడు. డ్రైవరు మాత్రం సీట్లోనే ఉండిపోయాడు. స్టీరింగు పొట్ట మీదికి ఒరిగింది, కుడికాలు పెడళ్ళ దగ్గర రేకు మధ్య నలిగిపోయింది. తమిళ కుర్రాడు, ముప్ఫై లోపే ఉంటాయి. "అన్నా, కాలు... కాలు" అంటున్నాడు. తమిళంలోనూ అన్నని అన్నా అనే పిలుస్తారు, కాలుని కాలే అంటారు. భాష అడ్డం రాలేదు.

ఎనిమిది మందైనా 108కి ఫోన్ చేసి ఉంటారు. పద్దెనిమిది నిమిషాలకు బండి వచ్చింది. అంత మంచులో అది తక్కువ సమయమే. బండి నడిపిన ఆ పైలట్‌కి ఇప్పటికీ దండం పెడతాను. బండిలో వచ్చి వైద్యం చూసే ఈఎంటీ కుర్రాడు ఫుట్‌బోర్డు మీదికెక్కి, మెడకి కాలర్ కట్టి, ఆక్సిజన్ పెట్టి, ఎడమ చేతికి సెలైన్ ఎక్కించాడు. బాటిల్ నా చేతికిచ్చాడు. అప్పుడు వెనక్కి తిరిగి అడిగాడు:

"అన్నా, ఫైర్ వాళ్ళకి చేశారా?"

ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో అన్నారు, "మంట లేదుగా బాబూ" అని.

నా బుర్రలోనూ అదే ఉంది. ఫైరింజను అంటే మంటలార్పే బండి, అంతే. నా కొట్టు ముందు నుంచి ఆ బండి కొన్ని వందలసార్లు పోయింది. దానిలో రేకుని కోసే హైడ్రాలిక్ కట్టరు, నలిగిన డోరుని విడదీసే స్ప్రెడరు ఉంటాయని ఆ రోజు దాకా నాకు తెలియదు. 108లో అవి ఉండవు. అంటే వైద్యం చేసే మనిషి వచ్చాడు, కానీ ఆ మనిషిని బయటికి తీసే సామాను పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో షెడ్డులో ఉంది.

పైలట్ వాళ్ళ కాల్ సెంటర్‌కి చెప్పాడు, ఒకాయన 101కి చేశాడు. ఎక్కడ అంటే "ఫలానా దాబా దాటాక" అని చెబుతున్నాడు. ఆ దాబా పేరుతో ఇదే రోడ్డు మీద మూడున్నాయి. నేను ఫోన్ లాక్కుని కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాను. హైవే మీద ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ రాయి చూసి చెప్పండి, దాబా పేర్లు చెప్పకండి.

ఆ తర్వాత ఇరవై ఆరు నిమిషాలు. నేను లెక్క పెట్టాను, సెలైన్ బాటిల్ పట్టుకుని గడియారం చూడటం తప్ప నాకు వేరే పని లేదు. ఈలోగా ఒకాయన "తాడు కట్టి వేరే లారీతో ముందు భాగం లాగేద్దాం" అన్నాడు. ఈఎంటీ గట్టిగా అరిచాడు, లాగితే లోపలి మనిషి నడుము పోతుందని. మా కుర్రాడు కొట్లోంచి ఇరవై టన్నుల బాటిల్ జాకీ తెచ్చాడు. సీటు ఫ్రేముకీ స్టీరింగు రాడ్డుకీ మధ్య అడ్డం పెట్టి, ఈఎంటీ చెప్పినప్పుడల్లా ఒక్కో కొట్టు కొట్టాడు. స్టీరింగు నాలుగు వేళ్ళ మందం పైకి లేచింది. డ్రైవరుకి ఊపిరి ఆడింది. కాలు మాత్రం కదల్లేదు.

ఫైర్ వాళ్ళు వచ్చారు. ఆ లీడింగ్ ఫైర్‌మన్ పని తెలిసిన మనిషి. రాగానే బ్యాటరీ వైరు పీకించాడు, చక్రాల కింద రాళ్ళు పెట్టించాడు, ఒకతన్ని హోస్ పట్టుకుని సిద్ధంగా నిలబెట్టాడు. డీజిల్ ట్యాంకు కారుతోంది మరి. అంతా బాగానే ఉంది. సరిగ్గా కాలు విడిపించే ముందు గొడవ మొదలైంది.

"డీజిల్ కారుతోంది, ముందు బయటికి లాగేద్దాం" అని ఆయన.

"ఆగండి సార్, ఇంకో బాటిల్ ఎక్కించనివ్వండి. నలిగిన కాలు మీద బరువు ఒక్కసారిగా తీస్తే గుండెకే దెబ్బ" అని ఈఎంటీ.

ఇద్దరూ నిజమే చెప్పారు. కండ చాలాసేపు నలిగి ఉండి ఒక్కసారిగా వదులైతే, అందులో చేరిన విషపదార్థాలు రక్తంలో కలిసి గుండె ఆగిపోయే ప్రమాదం ఉందట, అందుకే ముందు సెలైన్ ఎక్కించాలట. ఆ కుర్రాడే తర్వాత నాకు వివరంగా చెప్పాడు. డీజిల్ కారుతున్న చోట నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఫైర్‌మన్‌కి తెలుసు. ఎవరి శిక్షణ వాళ్ళది. కలిపి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. ఎవరి మాట నెగ్గాలో ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ వాదన రెండు నిమిషాలు జరిగి ఉంటుంది. లోపల ఆ డ్రైవరు ఒకసారి ఈయన మొహం, ఒకసారి ఆయన మొహం చూస్తున్నాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

చివరికి సెలైన్ ఎక్కించాకే తీశారు. బతికాడు. మోకాలి కింద కాలు తీసేశారని వారం తర్వాత తెలిసింది. రెండు బండ్లూ కలిసి వచ్చి ఉంటే ఆ కాలు దక్కేది. ఈ మాట డాక్టర్ని అడిగి చెప్పడం లేదు, నా నమ్మకం చెబుతున్నాను.

దీనికి తిరగేసిన కథ కూడా మా ఊళ్ళోనే చూశాను. ఎండాకాలంలో పూరిల్లు అంటుకుంది. అందరూ 101కి చేశారు, ఫైరింజను వచ్చింది, మంటలు ఆరిపోయాయి. కాలిన ఆవిడ పక్కింటి అరుగు మీద కూర్చుని ఉంది. 108కి చేయాలని ఎవరికీ తోచలేదు, ఇల్లు కాలిపోతున్న కంగారులో. ఆమె చేతుల నిండా ఎవరో టూత్‌పేస్టు పూసేశారు. అక్కల్లారా, అమ్మల్లారా, కాలినచోట పేస్టు, సిరా, పసుపు, నూనె ఏవీ పూయకండి. కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టండి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపు అది చాలు. చివరికి ఆమెని బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. ఫైరింజను అక్కడే ఉంది, అందులో అయిదుగురు మనుషులున్నారు, కానీ రోగిని తీసుకెళ్ళడం వాళ్ళ పని కాదు.

నిప్పు ఒక శాఖకి, గాయం ఒక శాఖకి పంచుకుని ప్రమాదాలు రావు కదా. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కల్వర్టుని గుద్దుకుని అంటుకుని 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్ళీ అలాంటిదే, మళ్ళీ బస్సే. అలాంటి చోట నిమిషాల్లో మంటలార్పే వాళ్ళూ కావాలి, తలుపు కోసే వాళ్ళూ కావాలి, కాలినవాళ్ళని చూసే వాళ్ళూ కావాలి. ముగ్గురూ ఒక్కసారే కావాలి.

కాబట్టి నేను అడిగేది ఇది. యాక్సిడెంట్ అని ఫోన్ రాగానే, అది 108కి వచ్చినా 101కి వచ్చినా, మొదటి ప్రశ్న "లోపల ఎవరైనా ఇరుక్కున్నారా?" అని ఉండాలి. అవునంటే ఎవరూ అడక్కుండానే రెండు బండ్లూ కదలాలి. ఇల్లు అంటుకుందంటే "లోపల మనుషులున్నారా, ఎవరైనా కాలారా?" అని అడగాలి. దీనికి కొత్త బండ్లు అక్కర్లేదు. 112 అనే నంబరు ఉండనే ఉంది, పోలీసుకీ ఫైరుకీ అంబులెన్సుకీ అన్నిటికీ అదొక్కటే. జనం నోట్లో మాత్రం 108 నాటుకుపోయింది. 2005 ఆగస్టు 15న మొదలైంది, అంతకుముందు మేం దెబ్బ తగిలినవాళ్ళని ఆటోలో కుదుపుకుంటూ తీసుకెళ్ళేవాళ్ళం. ఆ నంబరు మీద జనానికి ఉన్న నమ్మకం ఊరికే రాలేదు. జనం ఏ నంబరుకి చేసినా కబురు మాత్రం రెండు చోట్లకీ చేరాలి.

జనం సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు ఫోన్ చేసినవాళ్ళు ఎనిమిది మంది అయితే వీడియో తీసినవాళ్ళు ఇరవై మంది. వాళ్ళ బైకులు రోడ్డుకడ్డంగా పెట్టారు, ఫైరింజను వాటి వెనకే ఆగి హారన్ కొట్టింది. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే పదివేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో ఉంది. మా ఊళ్ళో ఒక్కరికి వేసినట్టు వినలేదు. ఇంకొంతమంది దగ్గరికే రారు, పోలీసు కేసవుతుందని భయం. అదే సవరణలో 134ఎ అని సెక్షను పెట్టారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టడానికి లేదు. దీన్ని ప్రతి పెట్రోలు బంకు గోడ మీదా రాయాలి. ఊళ్ళోకి పోతే సందు మొదట్లో ఆర్చీలు, కిందికి వేలాడే కేబుల్ వైర్లు. మా వార్డులో ఆర్చీ కట్టేటప్పుడు ఫైరింజను పడుతుందా అని అడిగిన ఒకే ఒక్క మనిషిని నేనే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండున్న ఓడ పేలి, మంటలార్పుతూ చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం. మా హైస్కూలుకి కూడా వస్తారు, మండే సిలిండరు మీద తడి గోనెసంచి ఎలా కప్పాలో చూపిస్తారు. మంచి పని. కానీ పక్కన 108 వాళ్ళు ఎప్పుడూ కనబడలేదు. ఆ వారంలో ఒక్క రోజు రెండూ కలిపి చేస్తే ఎవరికి నష్టం?

ఎవరో చేసేదాకా ఎందుకని, పోయిన ఏడాది నేనే స్టేషన్‌కి వెళ్ళి ఆ లీడింగ్ ఫైర్‌మన్‌ని కలిశాను. "సార్, 108 బండి లోపల ఎప్పుడైనా చూశారా?" అంటే, "ఎక్కించడమే గానీ లోపల ఏముందో చూడలేదయ్యా" అన్నారు. మా బావమరిదికి తుక్కు కొట్టు ఉంది, అందులో పాత లారీ క్యాబిన్ పడి ఉంది. ఫైర్ వాళ్ళనీ, 108 వాళ్ళనీ ఒక ఆదివారం పొద్దున అక్కడికి రమ్మన్నాను. మా కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టాం. ఈఎంటీ కిటికీలోంచి సెలైన్ పెట్టడం, ఫైర్ వాళ్ళు వాళ్ళ స్ప్రెడరుతో డోరు విప్పడం, ఎవరు "ఇప్పుడు" అంటే మిగతావాళ్ళు కదలాలి అన్నది తేల్చుకోవడం. గాజు ముక్కలు పడకుండా రోగి మీద దుప్పటి ఎవరు కప్పాలి అనే దగ్గర ఇద్దరూ ఒకేసారి ఎదుటివాళ్ళ వైపు చెయ్యి చూపారు. అది వాళ్ళ పని అని వీళ్ళు, వీళ్ళ పని అని వాళ్ళు అన్నాళ్ళూ అనుకుంటున్నారట.

ఇరవై నిమిషాలకే 108కి కాల్ వచ్చింది, ఎవరికో కాన్పు నొప్పులు. వెళ్ళిపోయారు. పోయేముందు పైలట్, లీడింగ్ ఫైర్‌మన్ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. రెండో డోరు ఇంకా కోయలేదు. క్యాబిన్ని బావమరిది తుక్కుకి తూచేస్తానంటే ఆపాను, కర్ర సీజన్ మొదలయ్యేలోపు ఇంకోసారి రమ్మని ఇద్దరికీ చెప్పాను.