మోటార్లు విప్పే అబ్బాయికి ఇంటరా, పాలిటెక్నిక్కా?

ప్రశ్న: మా బాబుకి పదో తరగతిలో 600కి 452 వచ్చాయి. సెలవులొస్తే చాలు, మా తమ్ముడి మోటార్ వైండింగ్ షాపులోనే ఉంటాడు. స్నేహితుడితో కలిసి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే 14 వేల పైన ర్యాంకు వచ్చింది. పాలిటెక్నిక్ డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదువుతానంటున్నాడు. మా వారేమో విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీకి హాస్టల్‌తో కలిపి లక్షన్నర మాట్లాడి వచ్చారు. పాలిటెక్నిక్‌లో మార్కులు రానివాళ్లే చేరతారని, పైగా ఒక ఏడాది వేస్టని బంధువులు అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ఏడాది లెక్క తేల్చేద్దాం. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరతారు కాబట్టి ఇంకో మూడేళ్లు. అదీ ఆరే. పైగా మధ్యలో మూడేళ్లకే చేతికొక సర్టిఫికెట్ వస్తుంది. ఇంట్లో పరిస్థితి బాగాలేక చదువు ఆపాల్సి వస్తే, ఇంటర్ ఎంపీసీతో ఆగిన పిల్లవాడికీ డిప్లొమాతో ఆగిన పిల్లవాడికీ చాలా తేడా ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండితే రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పరీక్ష రాసుకోవచ్చు. విద్యుత్ సంస్థల్లో సబ్ ఇంజనీర్ లాంటి పోస్టులకు అడిగేది కూడా ఎలక్ట్రికల్ డిప్లొమానే. ప్రైవేటులో మాత్రం మొదటి జీతం చిన్నదే, అది ముందే తెలుసుకుని ఉండండి.

ఇక మార్కులు రానివాళ్ల చదువు అనే మాట. మీ బంధువులు అన్నది పూర్తిగా అబద్ధం కాదు. పాలిసెట్‌లో 120కి 36 వస్తే అర్హత వచ్చినట్టే, అందుకని అన్ని రకాల పిల్లలూ చేరతారు. కానీ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు అలా ఊరికే రాదు. మీ తమ్ముడి షాపులో బాబు ఇప్పటికే కాలిపోయిన కాయిల్ తీసి, చుట్లు లెక్కపెట్టి, అదే గేజి వైరుతో మళ్లీ చుట్టడం చూసి ఉంటాడు. అన్ని చుట్లే ఎందుకు చుట్టాలి, రెండు చుట్లు తగ్గితే మోటారు ఎందుకు వేడెక్కుతుంది అన్న ప్రశ్నకు షాపులో జవాబు దొరకదు. ఎలక్ట్రికల్ మెషీన్స్ క్లాసులో దొరుకుతుంది. ఆ ప్రశ్న ముందే బుర్రలో పెట్టుకుని క్లాసులో కూర్చునేవాళ్లు ఎక్కువమంది ఉండరు.

కొన్నేళ్ల కిందట ఇలాగే ఎలక్ట్రికల్ కావాలన్న ఒక కుర్రాణ్ణి, ఉద్యోగాలు అందులో ఉన్నాయని చెప్పి నేనే కంప్యూటర్స్ వైపు తిప్పాను. మూడో సెమిస్టర్‌లో మానేశాడు. అప్పటి నుంచి పిల్లలు ఒక బ్రాంచి పేరు చెబితే, అది ఎందుకో అడిగి తెలుసుకోకుండా మార్చమని చెప్పడం మానుకున్నాను.

మీ వారి భయంలోనూ న్యాయం ఉంది. డిప్లొమా ఎంచుకుంటే కొన్ని దారులు మూసుకుపోతాయి. ఐఐటీల్లో నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకునే పద్ధతి లేదు. ఇంటర్ అర్హతతో వచ్చే కొన్ని ఉద్యోగ నోటిఫికేషన్లలో డిప్లొమాను సమానంగా చూస్తారు, కొన్నింటిలో చూడరు. రేపు మనసు మారి, ఇంటర్ అవగానే రాసే పరీక్షతో సైన్యంలో ఆఫీసర్ అవుతానన్నా కష్టమే. ఈ మాట బాబుతో ఒక్కసారి కూర్చుని స్పష్టంగా చెప్పండి. చెప్పాక కూడా ఎలక్ట్రికలే అంటే, అది ఎంపీసీ తప్పించుకోవడానికి అంటున్న మాట కాదని మీ వారికీ తెలుస్తుంది.

నాకు భయమల్లా మొదటి ఏడాది గురించే. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడైతే ఒక్కసారిగా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అన్నీ ఇంగ్లిష్‌లో వచ్చి పడతాయి. గీతలు గీసే పరికరం మినీ డ్రాఫ్టర్ పట్టుకుని ఇంజనీరింగ్ డ్రాయింగ్ కూడా మొదలవుతుంది. ఇంటర్ కాలేజీలో లాగా వెనకపడి తరిమేవాళ్లుండరు. సాయంత్రం వదిలేస్తారు, ఆ తర్వాత చదవాలా వద్దా అనేది వాడిష్టం. పాస్ కాని సబ్జెక్టులు మిగిలిపోవడం మొదలయ్యేది ఇక్కడే, మానేసేవాళ్లలో ఎక్కువమంది మానేసేదీ ఇక్కడే. హాజరు 75 శాతం ఉండాలన్నది కూడా మర్చిపోకూడదు. కాబట్టి ఆ లక్షన్నరలో కొంచెం తీసి, మొదటి ఏడాది సాయంత్రాలు లెక్కలకూ ఇంగ్లిష్‌కూ ఎవరైనా మంచి మాస్టారి దగ్గర పెట్టండి. ఈసెట్‌లో 200 మార్కులకు సగం ఎలక్ట్రికల్ సబ్జెక్టులు, 50 లెక్కలు, మిగతాది ఫిజిక్స్, కెమిస్ట్రీ. షాపులో నేర్చిన పని ఆ సగానికి కొంత పనికొస్తుంది. లెక్కలు వదిలేసిన పిల్లవాడు మాత్రం అక్కడ బోల్తా పడతాడు. ఎలాగోలా సీటొచ్చినా, బీటెక్ రెండో ఏడాదిలో ఇంటర్ నుంచి వచ్చినవాళ్ల పక్కన కూర్చుని ఆ లెక్కల దగ్గరే ఇబ్బంది పడతాడు.

కాలేజీ విషయంలో నాది ఒకటే పట్టు. ప్రభుత్వ పాలిటెక్నిక్ దొరికే అవకాశం ఉన్నంతవరకు, కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీల వరస, అంటే ఆప్షన్లలో అవే పైన పెట్టండి. మీకు దగ్గరలో గుంటూరు నల్లపాడులో ఒకటుంది. ఫీజు ఏడాదికి కొద్ది వేలే. ప్రైవేటు కాలేజీ అయితే చేరేముందు మీ వారిని, మీ తమ్ముణ్ణి కలిపి పంపించండి. ప్రిన్సిపాల్ గది కాదు, ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ చూపించమని అడగాలి. మోటార్ల మీద దుమ్ము పేరుకుపోయి ఉందా, వైర్లు నిజంగా కలిపి ఉన్నాయా అన్నది మీ తమ్ముడు రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి పోయినేడాది పిల్లల్ని ఎక్కడికి పంపారో కూడా అడగమనండి. జవాబు చెప్పడానికి తడబడితే ఆ కాలేజీ పేరు జాబితాలో కిందికి దించండి.

వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకండి. కావాల్సిన కాలేజీలు, బ్రాంచిలు వరసగా ఒక కాగితం మీద బాబుతోనే రాయించి తీసుకెళ్లండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఫ్రీజ్ చేసేముందు, అంటే ఆప్షన్లను ఖరారు చేసేముందు, స్క్రీన్ మీదున్న వరసను ఆ కాగితంతో సరిచూసుకుని ఒక ఫోటో తీసుకోండి. విజయవాడ కాలేజీకి ఇంకా డబ్బు కట్టకపోతే, సీటు కేటాయింపు వచ్చేదాకా కట్టొద్దని మీ వారికి చెప్పండి. అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, మానుకుంటే ఎంత తిరిగిస్తారో ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగమనండి.